చెయ్యి కలిపి కొట్టిన కథ

నేను డైరీ ఉదయం పూట రాస్తాను. ముందు రోజు జరిగిన సంగతిని, ఒక నిద్ర పోయి లేచి, కోపం కాస్త చల్లారాక రాయాలన్నది మా నాన్న నేర్పిన పద్ధతి. కాలువల శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక ఇన్నేళ్ళూ ఆ పద్ధతి తప్పలేదు. ఇది మాత్రం చల్లారాక రాస్తున్నది కాదు. వారం రోజులు ఆగి చూశాను. చల్లారలేదు. ఇక చల్లారదని తేలాక మొదలుపెట్టాను.

పోయిన నెల ఒక ఉదయం నరసరావుపేటలో మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకతను సందీప్. పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి పార్టీ సభల దాకా మైకులు, లైట్లు, పెద్ద తెరలు పెట్టి కార్యక్రమాలు నడిపిస్తాడట. రెండో అతను మాచర్లలో జిమ్ నడుపుతాడు, పేరు ఖాజా. గుమ్మంలో చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా, "నేను మస్తాన్ మనవణ్ణి తాతయ్యా. జాన్‌బీ కొడుకుని," అన్నాడు. నేను కలానికి మూత పెట్టాను.

సందీప్ చెప్పిన సంగతి ఇది. ఊరి మైదానంలో రింగు కట్టి కుస్తీల షో పెడుతున్నాడు. టీవీలో, ఫోన్లలో పిల్లలు చూసే రకం. ఒక్కో మల్లుడికి ఒక పేరు, ఒక పాట, ఒక పగ ఉంటాయి. "ఊరికే కొట్టుకుంటే ఎవరు చూస్తారు సార్, స్టోరీ ఉండాల," అన్నాడు. ఆ స్టోరీ అతనికి ఇక్కడే దొరికింది. యాభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, సొంత శిష్యుడికి చెయ్యిచ్చి, ఆ చెయ్యి వదలకుండానే కుర్చీతో కొట్టిన గురువు వెన్నుపోటు మస్తాన్. ఇప్పుడు ఆయన మనవడు రింగులోకి దిగుతాడు. ఎదురుగా రొంపిచెర్ల కుర్రాడు. మనవడు కూడా చెయ్యిచ్చి కొడతాడు. "రక్తంలోనే ఉంది, అదీ మన క్యాప్షన్," అంటూ ఫోనులో పోస్టరు చూపించాడు. పైన ఎర్రక్షరాలతో పల్నాటి పౌరుషం అని ఉంది. ఈ జిల్లాలో సోడా బండి పెట్టినా ఆ మాట లేకుండా బోర్డు రాయించరు.

ఖాజా పోస్టరు వంక చూడలేదు. "మా అమ్మ ఒప్పుకోలా తాతయ్యా. మా నాయన అట్టాంటోడు కాదంటది. మరి అందరూ ఎందుకంటన్నారే అంటే చెప్పదు. పేటలో డైరీలు రాసే ఆయన ఉన్నాడు, ఆ రోజుల్లో రోజూ మన తాలింఖానాకి వచ్చేవాడు, ఆయన కాగితంలో ఏముంటే అది నిజం, పోయి అడుగు అంది. మా తాత నిజంగా చేసుంటే నేను ఈ వేషం వేస్తా. చెయ్యకపోతే వెయ్యను. ఏంది నిజం?"

సాయంత్రం ఒక్కడివే రమ్మని పంపాను. డైరీ తీసి వెతుక్కోవడానికి కాదు. ఆ కుర్చీ దెబ్బ రాసింది నేనే.

మా నాన్న రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద కూర్చునే దస్తావేజు లేఖరి. పొద్దున్నే స్నానం చేసి, మూడు కలాలు కడిగి గుడ్డ మీద ఆరబెట్టేవాడు. ఆయన చొక్కాకి ఎప్పుడూ సిరా, వక్కపొడి కలిసిన వాసన. అమ్మేవాడు చెప్పింది రాసి, కొనేవాడు చెప్పింది రాసి, ఇద్దరికీ మూడుసార్లు పైకి చదివి వినిపించేవాడు. చదివేటప్పుడు ఎవరి మొహమైనా కొంచెం మారితే అక్కడ ఆగి, "ఏంది, ఇక్కడ నీకు ఒప్పుదల లేదా," అని అడిగేవాడు. చెప్పంది ఒక్క మాట కలపడు, చెప్పింది ఒక్క మాట వదలడు. అంత జాగ్రత్త మనిషి కూడా, "నేను రాసింది కోర్టులో కొట్టేస్తారేమో గానీ, చెయ్యి కలిపింది మాత్రం కొట్టెయ్యరురా," అనేవాడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఒప్పుకున్న బేరానికి కాగితం ఉండేది కాదు. అయినా ఎవడూ దాటేవాడు కాదు. మా వైపు మనుషులు కోపం వస్తే ముందు వెనకా చూడరని పేరు. కానీ చెయ్యిచ్చాక కోపం వచ్చినా, ముందు ఆ చెయ్యి వదిలి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు కొట్టేవాళ్ళు. ఇది నేను వినోదంగా చెప్పడం లేదు. అట్లాగే ఉండేది.

మస్తాన్ బాబాయి మా వీధి చివర లారీల కమాన్ కట్టలు బాగుచేసేవాడు. ఎర్రగా కాల్చిన ఇనప పట్టీని సుత్తితో వంచే చెయ్యి అది. కొట్టు వెనక తాలింఖానా, కుర్రాళ్ళకి కుస్తీలు నేర్పే చోటు. ఎర్రమన్ను జల్లించి, అందులో పసుపు, వేపనూనె, పుల్ల మజ్జిగ కలిపి గోదా తయారుచేసేవాడు. మజ్జిగ మా అమ్మ పంపేది. తెల్లవారుజామున పది మంది కుర్రాళ్ళు ఆ మట్టిలో పొర్లుతుంటే లేచే వాసన, ఊరగాయ జాడీ మూత తీసినట్టుండేది. నేను కుస్తీకి పనికిరాను, బక్కవాణ్ణి. గట్టు మీద కూర్చుని ఎవరు ఎవర్ని ఏ పట్టుతో పడేశారో పుస్తకంలో రాసేవాణ్ణి. బాబాయి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏం రాశావు బాబూ, చదువు," అనేవాడు. శిష్యుల్లో మేటి రొంపిచెర్ల రైతుబిడ్డ వీరాంజనేయులు. రోజూ సైకిలు మీద వచ్చేవాడు. కుస్తీకి ముందు ఇద్దరూ మట్టి కళ్ళకద్దుకుని చెయ్యి కలిపేవాళ్ళు. ఆ చేతులు విడిపడి, బాబాయి "ఊఁ" అనేదాకా ఎవరూ కదలకూడదు. ఒకసారి ఎవడో తొందరపడి చెయ్యి వదలకుండా లాగాడు. బాబాయి వాణ్ణి ఏమీ అనలేదు. నెల రోజులు గోదాలో దిగనివ్వలేదు.

నేను డిగ్రీ పాసై ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఊరికి ఫ్రీస్టయిల్ కుస్తీల కంపెనీ వచ్చింది. ఇప్పటి వాళ్ళు కథ పెట్టడం తామే కనిపెట్టామనుకుంటున్నారు. అప్పుడూ అంతే. దెబ్బలన్నీ ముందుగా నేర్చుకున్నవే, గెలుపోటములు ముందుగా అనుకున్నవే. నాలుగు రోజుల ఆటకి నాలుగు అంకాలు. మొదటి రోజు ముసుగు మల్లుడు ఊరిని తిడతాడు. రెండో రోజు ఊరి మల్లుడు, అంటే మా వీరాంజనేయులు, వాడితో సమంగా నిలుస్తాడు. మూడో రోజు మోసంతో ఓడిపోతాడు. నాలుగో రోజు పగ తీర్చుకుంటాడు. ఇదంతా నడిపేది మల్లులు కాదు, మైకు దగ్గర కూర్చునే అనౌన్సరు. ఆయన పేరు ప్రభాకరం. పొద్దంతా రిక్షాలో మైకు కట్టుకుని తిరిగి ఊరిని ఉడికించాలి, సాయంత్రం ఆ ఉడుకుని డేరాలో కూర్చోబెట్టాలి. ఆయన మాటలు సినిమా మాటలు. జనం నవ్వుతున్నారని గ్రహించి, ఊరి యాస తెలిసి, చకచకా రాసేవాడి కోసం వెతికితే ఎవరో నన్ను చూపించారు.

నేను రాసిన మొదటి వాక్యం మర్నాడు పొద్దున గడియారం స్తంభం దగ్గర మైకులోంచి వచ్చినప్పుడు, కూరల సంచీతో ఉన్న మనుషులు ఆగి తలెత్తి చూశారు. ఆ సుఖం ఎట్లాంటిదో మా నాన్నకి తెలియదు. ఆయన రాసింది ఇద్దరే వినేవాళ్ళు.

మూడో రోజు మోసం ఎవరు చేయాలన్న మాట వచ్చింది. ప్రభాకరం టీ గ్లాసు పట్టుకుని, "మా ముసుగోడు మోసం చేస్తే జనం ఈల వేస్తారు, ఇంటికెళ్ళి మరిచిపోతారు. మీ ఊళ్ళో మనిషి చేస్తేనే నిద్ర పట్టదు. చెప్పవయ్యా, మీ వాళ్ళు దేన్ని క్షమించరు?" అని అడిగాడు. పై ఊరి మనిషి, ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "చెయ్యి కలిపి కొట్టటం," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "గురువు చెయ్యిచ్చి శిష్యుణ్ణి కొడితే?"

"ఊరు లేస్తుంది."

అక్కడ ఆగి, ఎవరి మొహం మారిందో చూసి, ఒప్పుదల ఉందా అని అడగాల్సింది నేను. పైగా ఆ వేషానికి శిష్యుల్లో ఎవరినీ కాకుండా మస్తాన్ బాబాయినే ఎందుకు ఎంచారో, ఆ పేరుగల మనిషి మోసం చేశాడంటే కొంతమంది ఇంకాస్త తొందరగా నమ్ముతారని ప్రభాకరం లెక్క వేసుకున్నాడో లేదో, అప్పుడు నేను అడగలేదు. వేసుకునే ఉంటాడని ఇప్పుడు అనుకుంటున్నాను. నాకూ లోపల ఎక్కడో తెలిసే ఉంటుందని కూడా అనుకుంటున్నాను.

బాబాయి మొదట ఒప్పుకోలేదు. "వేరే ఏదైనా చేపిచ్చండి. కాలితో తంతా, మట్టి కళ్ళల్లో కొడతా. చెయ్యిచ్చి వద్దు," అన్నాడు. ప్రభాకరం, వీరాంజనేయుల్ని కంపెనీలో చేర్చుకుంటామని, దేశమంతా తిరుగుతాడని చెప్పాడు. నాలుగో రోజు చివర గురుశిష్యులు కౌగిలించుకునే ఘట్టం ఉంటుందని, అంతా శిష్యుడి రోషం పరీక్షించడానికే చేశానని గురువు మైకులో చెబుతాడని ఒప్పించాడు. ఆ ఘట్టం కూడా నేనే రాశాను, బాగా రాశాను. బాబాయి నా వంక చూసి, "నువ్వు రాశావా బాబూ? అయితే సరే, ఆటేగా," అన్నాడు. ఆ పగలంతా కొట్లో కూర్చుని కంపెనీ వాళ్ళ ఇనప కుర్చీకి రెండు రివెట్లు ఊడదీసి, సన్న తీగ చుట్టాడు. దెబ్బ తగలగానే కుర్చీ మడుచుకుపోవాలి, చప్పుడు డేరా అంతా వినపడాలి, కుర్రాడి వీపు కందకూడదు. తన వీపు మీద నాతో నాలుగుసార్లు కొట్టించుకుని చూసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం బాబాయి రింగులోకి ఎక్కి ఆశీర్వదించడానికన్నట్టు చెయ్యి చాచాడు. వీరాంజనేయులు ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. బాబాయి ఎడమ చేత్తో కుర్చీ లేపాడు. ఆ చప్పుడుకి జనం ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. తర్వాత వచ్చిన అరుపు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మైకులో నా మాటలు: "కలిపిన చెయ్యి ఇంకా విడిపడలేదు, చూడండి పల్నాటి జనమా, చూడండి." ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇప్పటికీ ఉంది: నా మాటకి జనం లేచి నిలబడ్డారు. కింద రెండు గీతలు గీశాను.

నాలుగో రోజు వీరాంజనేయులు గెలిచాడు. కౌగిలింత ఘట్టం జరగలేదు. ప్రభాకరం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్రాణ్ణి తీసుకెళ్ళే ఊళ్ళన్నింటిలోనూ గురువు చేతిలో మోసపోయిన శిష్యుడి కథే నడపాలి, ఇక్కడే సర్దుబాటు చేస్తే ముందుకి ఏం మిగులుతుంది అన్నాడు. "మీ శిష్యుడి బతుకు మస్తాన్‌గారూ. ఇది ఆట అని ఎప్పటికీ ఎవరికీ చెప్పనని చెయ్యివ్వండి," అన్నాడు. బాబాయి చెయ్యిచ్చాడు.

చెయ్యి కలిపి తప్పాడని ఊరంతా ఉమ్మేసిన మనిషి, ఆ కలిపిన చేతి కోసం చచ్చేదాకా నోరు విప్పలేదు. రొంపిచెర్ల నుంచి బండ్లు కట్టుకొచ్చి కొట్టు ముందు నిలబడి తిట్టినా విప్పలేదు. తాలింఖానాకి కుర్రాళ్ళు రావడం మానేశారు. లారీలు వచ్చేవి, లారీకి కమాన్లు కావాలి కదా. డ్రైవర్లు మాత్రం పనిముట్లు నేల మీద పెట్టి తీసుకోమనేవాళ్ళు, చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. వీధిలో పిల్లలు "మస్తానూ, చెయ్యియ్యి," అని చెయ్యి చాపి, ఆయన చూడగానే వెనక్కి లాక్కునే ఆట కనిపెట్టారు. మా అమ్మ పంపిన మజ్జిగ ఒకరోజు గిన్నెతో అట్లాగే తిరిగి వచ్చింది. గోదా లేదమ్మా, ఇక వద్దన్నాడట. అమ్మ నన్ను, "ఏమైందిరా అతనికి, అట్టాంటోడు కాదే," అని అడిగింది. నేను అన్నం తింటూ, ఏమో అన్నాను.

నేనైతే ఎవరికీ చెయ్యివ్వలేదు. నన్ను ఆపింది ఏమీ లేదు. చెప్పాలనుకుంటూ ఉండగా ఉద్యోగం వచ్చింది, కాలువ గట్ల మీద తిరగడం మొదలైంది. బాబాయి కుటుంబాన్ని తీసుకుని మాచర్ల వెళ్ళిపోయాడని తెలిసింది, రాసుకున్నాను. అక్కడే పోయాడని తెలిసింది, అదీ రాసుకున్నాను. రోజూ నీటిమట్టం అంగుళాలతో సహా నమోదు చేసిన మనిషిని. వీరాంజనేయులు ఏదో ఊళ్ళో మోకాలు విరిగి ఆట మానేశాడని విన్నాను. ఇటు మళ్ళీ రాలేదు.

ఇదంతా ఆ సాయంత్రం ఖాజాకి చెప్పాను. పాత డైరీ అతని ముందు పెట్టాను. చాలాసేపు చదివాడు. గీతలు గీసిన చోట వేలు పెట్టి, "ఈ అక్షరాలు మీయేనా?" అన్నాడు.

"నాయే."

"మా అమ్మ బడి మానేసింది తెలుసా? పిల్లలందరూ వరసగా నిలబడి చెయ్యి చాపేవాళ్ళంట." డైరీ మూసి, "అదంతా నువ్వు రాసిందానికన్నమాట," అన్నాడు. పొద్దున్నుంచీ ఉన్న 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకది సబబుగానే అనిపించింది.

"ఎవరికి కావాలంటే వాళ్ళకి రాసిస్తాను. సంతకం పెట్టి ఇస్తాను," అన్నాను.

"రాసిస్తే ఏం చేసుకోను? మైకులో చెప్పిందాన్ని మైకులోనే చెప్పాల. ఊరు మొత్తం కూర్చున్నప్పుడు చెప్పాల. చెప్తావా?"

చెప్తానన్నాను. ఖాజా వెళ్ళి సందీప్‌తో, తాను రింగులోకి దిగుతానని, కానీ ముందు ఈ పెద్దాయన మాట్లాడాలని షరతు పెట్టాడు. మర్నాడే సందీప్ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. అతని మొహం వెలిగిపోతోంది.

"సార్, ఇది మామూలు ట్విస్ట్ కాదు. యాభై ఏళ్ళ తర్వాత కథ రాసినాయనే బయటికొస్తన్నాడు. మీరొచ్చేటప్పుడు లైట్లన్నీ ఆపేసి, మీ ఒక్కరి మీదే లైటు వేస్తాం."

"ఇది ఆట కాదు బాబూ. నిజం."

"ఆ మాట కూడా మైకులో చెప్పండి సార్. ఇంకా బాగుంటది."

లైటు వద్దు, పాట వద్దు, పొగ వద్దని మూడూ కాగితం మీద రాసి అతనితో సంతకం పెట్టించాను. మా నాన్న కొడుకుని కదా.

షో రోజు సాయంత్రం మైదానం నిండా జనం. చిన్నపిల్లల దగ్గర్నుంచి నా ఈడు వాళ్ళ దాకా ఉన్నారు. ఇద్దరు పట్టుకుంటే రింగు ఎక్కాను. లైట్లు ఆరిపోయాయి. ఒక్క లైటు నా మీద పడింది. నా కాళ్ళ చుట్టూ పొగ వచ్చింది. దిగిపోదామనుకున్నాను. తాళ్ళ అవతల ఖాజా నిలబడి నన్నే చూస్తున్నాడు. మాట్లాడాను. మస్తాన్ మోసం చేయలేదని, కుర్చీ దెబ్బ నేను రాసిందని, రివెట్లు ఊడదీసిన కుర్చీ అని, ఆయన ఇచ్చిన మాట కోసం నిందని మోశాడని, నేను ఏ మాటా లేకుండానే దాక్కున్నానని చెప్పాను. ఒక్క విశేషణం కలపలేదు. "మస్తాన్ నిర్దోషి" అన్నచోట ఎవరో డప్పు శబ్దం వదిలారు. మైదానమంతా ఈలలు. ముందు వరసలో ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని, "తాత అదరగొట్టాడ్రా," అని అరిచాడు. నేను ఆగాను. ఆగితే ఇంకా చప్పట్లు కొట్టారు. ఇది ఆట కాదు, వినండి అన్నాను. దానికి అన్నింటికంటే ఎక్కువ చప్పట్లు వచ్చాయి.

ఖాజా రొంపిచెర్ల కుర్రాడికి చెయ్యిచ్చాడు. చెయ్యి వదిలాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. జనం "కొట్టరా, కుర్చీ తియ్యరా," అని అరుస్తున్నారు. అతను తియ్యలేదు. ఇద్దరూ నిజంగా కుస్తీ పట్టారు, పావుగంట, చెమటలు కారేలాగా. చూడటం వచ్చినవాడికి అంత మంచి పట్టు ఈ మధ్య దొరికి ఉండదు. సగం మంది లేచి మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి పోయారు. సందీప్ నా పక్కన నిలబడి, "మీరు లేపిందంతా వీడు పాడు చేశాడు సార్," అన్నాడు. అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. నా నోట అట్లాంటి మాట వస్తుందని నాకే తెలియదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర కర్ర పట్టుకున్న ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. రొంపిచెర్ల మనిషినన్నాడు. ఖాజా నా పక్కనే ఉన్నాడు.

"ఏందయ్యా నువ్వు చెప్పేది? నేను ఆ రోజు మూడో వరసలో కూర్చున్నా. చెయ్యిచ్చి కొట్టటం ఈ కళ్ళతో చూశా."

"నేను రాస్తే కొట్టాడు పెద్దాయనా. అది ఆట."

"నువ్వు రాస్తే మాత్రం? రాసిచ్చారని చెయ్యి పట్టుకుని కొడతాడా మనిషన్నవాడు?"

ఖాజా అన్నాడు: "మీరంతా ఆట చూడటానికే వచ్చారనుకున్నాడు మా తాత, పెద్దాయనా."

ముసలాయన ఖాజాని పై నుంచి కింద దాకా చూశాడు. "నువ్వు మంచోడివిలే అబ్బాయి. నువ్వు కొట్టలా," అని కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన అబద్ధం ఆడలేదు. చూసిందే చెప్పాడు. నేను మైకులో చూడండి, చూడండి అని అరిపించి మరీ చూపించింది, ఇవాళ నేను అదే మైకులో చూడలేదనుకోమంటే ఎట్లా అనుకుంటాడు? ఆయన మీద కోపం తెచ్చుకుందామని వారం రోజుల్నుంచీ చూస్తున్నాను. అది తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోంది.

ఖాజా మోటారు సైకిలు తీశాడు. అప్పుడే ఫోను మోగింది. వాళ్ళమ్మ. నాకు వినపడాలనో ఏమో, పక్కకి పోకుండా అక్కడే మాట్లాడాడు.

"ఆఁ, వచ్చాడమ్మా. మొత్తం చెప్పాడు. పేరు పెట్టి చెప్పాడు."

అవతల జాన్‌బీ, జనం నమ్మారా అని అడగడం నాకూ వినపడింది. ఖాజా తల తిప్పి చూశాడు. గేటులోంచి జనం ఇంకా నవ్వుకుంటూ బయటికి వస్తున్నారు.

"లేదమ్మా," అన్నాడు. "చప్పట్లు కొట్టారు."